పేర్రాజు గారి ఇళ్లు, నా గుడ్డ గోడలు

ఈమధ్య నాటకాల మీద చదువుకుంటున్న పిల్లలిద్దరు నన్ను వెతుక్కుంటూ మేడ్చల్ వచ్చారు. పెద్ద రచయిత పేర్రాజు గారు ఏ ఇంట్లో ఉండి ఏ నాటకం రాశారో చూపించాలట, ఫొటోలు తీసుకుంటారట. సరే పదండని ఆటో మాట్లాడి తిప్పాను. మేడ్చల్ స్టేషన్ దగ్గరి ఇల్లు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దూలపల్లి ఇల్లు పోయి అపార్ట్‌మెంటు లేచింది. గండిమైసమ్మ చౌరస్తా దగ్గరిది రోడ్డు వెడల్పులో సగం పోయింది, మిగిలిన సగంలో పంచర్లు వేస్తున్నారు. పిల్లల మొహాలు వాడిపోయాయి.

శామీర్‌పేట ఇల్లు మాత్రం ఉంది. దాని ముందు ఇంత లావు కరివేపాకు చెట్టు. పిల్లలు ఆ చెట్టు ఫొటోలో అడ్డం రాకుండా పక్కకు జరిగి, వంగి, గోడెక్కి, నానా తంటాలు పడి ఇంటిని మాత్రం తీసుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నారు తాతా అని అడిగారు. అది ఆటోలో చెప్పే కథ కాదు. పైగా వాళ్లు కూడా సెట్ల పనిలోకే వస్తారట. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు పని సంగతి

నా పేరు యాదగిరి. మేడ్చల్ మార్కెట్ వెనక రేకుల షెడ్డులో బతుకంతా నాటకాలకు సెట్లు చేశాను. మా నాయిన వడ్రంగి, నిజం ఇళ్లకు తలుపులు, కిటికీలు చేసేవాడు. నేను ఉత్తుత్తి ఇళ్లలోకి దిగానని ఆయనకు బెంగ. నా పనేమిటని ఎవరైనా అడిగితే, "గాలొస్తె ఎగిరిపోయే ఇండ్లు గడ్తడు మావోడు" అని చెప్పేవాడు. ఆ మాటలో తప్పేం లేదు.

కర్ర చట్రానికి గుడ్డ బిగించి, జిగురు కలిపిన రంగు పూసి, గోడ అని జనాన్ని నమ్మించడం మా పని. పోటీలకు వెళితే ఒక నాటకం అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోగా, జనం టీ తాగి వచ్చేసరికి, ఇల్లు లేచి నిలబడాలి. నాటకం అయిన మరుక్షణం మళ్లీ కట్టెలమోపు అయిపోవాలి. డైరెక్టర్లు మీతో రంగుల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. వినండి, తలూపండి, తర్వాత వెళ్లి తలుపు చూసుకోండి. గోడ ఎవడైనా నిలబెడతాడు, చావంతా తలుపుతోనే. నటుడు కోపంగా తలుపు వేసి వెళ్లాడంటే ఇల్లంతా ఊగుతుంది. చావు సీనులో గోడ ఊగిందా, ఆ చచ్చినవాడు కూడా నవ్వాపుకోలేడు. నా కళ్లారా చూశాను.

రేకు డబ్బాకి సొట్ట

పేర్రాజు గారిది గోదావరి వైపు. ఒక మందుల కంపెనీలో లెక్కల ఉద్యోగం వచ్చి, తొంభైల మొదట్లో భార్య కామేశ్వరమ్మ గారితో మేడ్చల్ చేరారు. అప్పటికే ఆయన నాటకాలకు పేరుంది. నేను ఆయన్ని సారు అనేవాణ్ణి, ఆమెను అమ్మ అనేవాణ్ణి.

సారుకి ఒక జబ్బుంది. లేని ఇంటిని ఊహించి రాయలేరు. తాను అద్దెకున్న ఇంట్లోనే నాటకం జరగాలి. కిటికీ ఎటువైపు ఉంటే పాత్ర అటునుంచే తొంగి చూడాలి. "నేను కూర్చున్న గదిలోకే మనుషులొస్తారోయ్, వేరే గదిలోకి పిలిస్తే రారు" అనేవారు. అందుకని నాటకం రాయడం అవగానే నన్ను ఇంటికి పిలిచి, ఈ ఇల్లే స్టేజీ మీదకి కావాలనేవారు. నేను టేపు పట్టుకుని బయలుదేరేవాణ్ణి. ఎక్కడ పెచ్చు ఊడిందో, ఎక్కడ నూనె మరక ఉందో అంతా దించేసేవాణ్ణి. కుర్రతనం, ఉన్నది ఉన్నట్టు చేస్తేనే గొప్ప పని అనుకునే రోజులు.

మేడ్చల్ ఇంటి ఓనరు నర్సింహులు, కిరాణా కొట్టు మనిషి. పెరట్లో నల్లాకు రేకు డబ్బా తొడిగి తాళం వేసేవాడు. తాను లేచి, స్నానం చేసి, పూజ ముగించి వచ్చి తాళం తీస్తేనే కింది వాటాల వాళ్లకు నీళ్లు. అమ్మ బిందె పట్టుకుని ఆ తాళం ముందు నిలబడేవారు.

నేను కొలతలు తీస్తుంటే నర్సింహులు చూశాడు. నిజామాబాద్ రోడ్డు వెడల్పు చేస్తారని ఊరంతా పుకార్లు నడుస్తున్న కాలం అది. నేను సర్కారు మనిషిననుకున్నాడు. మీగడ వేసిన చాయ్ తెప్పించాడు, కుర్చీ వేయించాడు. నా పక్కన నిలబడి గోడ మీద చెయ్యేసి, "జర గీ గోడను లోపటికి రాసుకో భై, నీ పేరు జెప్పుకుంట" అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను గాని చాయ్ మస్తుగా ఉంది. తాగేసి, ఆ చాయ్‌కి బదులుగా అతనికి నాటకం పాసు ఇచ్చాను, ముందు వరసది.

బడి మైదానంలో ప్రదర్శన జరిగింది. నాయిక ఖాళీ బిందెతో వచ్చి తాళం వేసిన నల్లాను చూసి, దాన్ని అత్తగారిని బతిమాలినట్టు బతిమాలుతుంది. మైదానంలో సగం మంది అద్దె ఇళ్ల వాళ్లే, ఈలలు ఆగలేదు. నర్సింహులు అందరికంటే ఎక్కువ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ డబ్బా వైపు తేరిపార చూశాడు. అతని ఇంట్లో డబ్బాకి స్కూటరు తగిలి ఒక మూల సొట్ట పడింది. నేను ఆ సొట్ట కూడా కొట్టాను. దాని మీద నాకు చాలా గర్వం ఉండేది.

మర్నాడు పొద్దున్నే నల్లాకు తాళం తీశాడు గాని ఇంటికి వేస్తానన్నాడు. సారూ అమ్మా సామాను సర్దుకున్నారు.

ఒకటి తగ్గింది

తర్వాత దూలపల్లిలో కొత్త లేఅవుట్లో మేడ మీది వాటా. ఓనరు ఏదో పెద్ద ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, అందరం ఆఫీసరు గారనేవాళ్లం. ఆ ఇంట్లో ఎటు చూసినా గోడల మీద ఎర్ర అక్షరాలే. మేకులు కొట్టరాదు. మెట్ల మీద చెప్పులు విడువరాదు. మధ్యాహ్నం రుబ్బరాదు. చివరికి అమ్మ పెంచుకునే కరివేపాకు మొక్క మీద కూడా పడ్డారు. అది నూనె డబ్బాలో ఉండేది. దాని పక్కన గోడ మీద, డబ్బా నీరు నేలపై కారరాదు అని రాయించారు.

ఆ మొక్క మేడ్చల్ నుంచే వచ్చింది. పెరట్లో బోలెడు జాగా ఉంది కదమ్మా, నేలలో నాటొచ్చు కదా అని అప్పట్లోనే అడిగాను. నేలలో పెడితే వదిలేసి పోవాల్సి వస్తుంది యాదగిరీ, డబ్బాలో అయితే నాతో వస్తుంది అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ పూట నాకు చాయ్ సయించలేదు.

సారు దూలపల్లి నాటకం రాశారు, నేను ఆ ఎర్ర అక్షరాలన్నీ గుడ్డ గోడల మీద రాశాను. తెర పూర్తిగా లేవకముందే హాల్లో నవ్వులు మొదలయ్యాయి. పాత్రలు మాట్లాడాల్సిన పని లేకపోయింది, గోడలే ఆడేశాయి. నాటకం అయ్యాక ఆఫీసరు గారు స్టేజీ వెనక్కి వచ్చారు. నేను నాలుగు తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆయన కళ్లజోడు సవరించుకుని గోడలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, బాల్కనీలోది రాయలేదు, ఒకటి తగ్గింది అన్నారు. ఆ తర్వాత సారు వైపు తిరిగి ఇల్లు ఖాళీ చేయమన్నారు.

నాలుగో మెట్టు

గండిమైసమ్మ దగ్గర ఇల్లు అండాలమ్మది. ఆమె గట్టి మనిషి. ముందే అంతా విచారించుకుంది. వాటా ఇచ్చేముందు సారును గుడికి తీసుకుపోయి, తన మీద నాటకం రాయనని మైసమ్మ ముందు ఒట్టు పెట్టించుకుంది. సారు ఒట్టు నిలబెట్టుకున్నారు. ఆమె మీద అక్షరం రాయలేదు. ఆమె ఇంటి మెట్ల మీద రాశారు.

ఆ మెట్లలో నాలుగోది మిగతావాటి కంటే బెత్తెడు ఎత్తు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అక్కడ తన్నుకుని ముందుకు తూలేవాడు. అండాలమ్మ పైన పీట వేసుకుని కూర్చుని ఆ తమాషా చూసేది. ఆమెకు సినిమాలు అక్కర్లేదు.

నేను అదే మెట్టు అదే ఎత్తుకు చేశాను, చేశానని హీరోకి చెప్పడం మరిచాను. అతను అప్పులవాళ్ల మీద మండిపడుతూ, మీసం దువ్వుతూ పైకెక్కాలి. ఎక్కాడు. నాలుగో మెట్టు దగ్గర బోర్లా పడ్డాడు, మీసం ఊడి ముందు వరసలో పడింది. హాలు హాలంతా దొర్లి దొర్లి నవ్వింది. అందరిలోకీ గట్టిగా వినిపించిన నవ్వు అండాలమ్మది. అలవాటు కొద్దీ నవ్వేసి, తర్వాత గుర్తుపట్టింది. నటులను సెట్ మీద ఒకసారి నడిపించకుండా తెర లేపొద్దని నేను పోరుతుంటానే, అది ఆ రోజు నుంచే.

ఆమె సారు దగ్గరికి వచ్చి న్యాయంగానే మాట్లాడింది. "నా మీద రాయలె, ఒప్పుకుంట. మరి మెట్లు ఎవలియి?" అంది. వేరే ఇల్లు చూసుకొమ్మని నెల గడువిచ్చింది.

అమ్మ అడిగిన మాట

ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎవరూ ఆయనకు ఇల్లివ్వలేదు. మామూలుగా ఓనర్లు మాంసం తింటారా అని అడుగుతారు. పేర్రాజు గారిని మాత్రం, రాస్తారా అని అడిగేవాళ్లు. సారు అబద్ధం ఆడలేరు. అమ్మ చీరలు సగం మూటల్లోనే ఉండేవి. విప్పి ఏం లాభం అనేవారు.

అప్పుడు శామీర్‌పేట నుంచి పెంటయ్య అనే మనిషి తనంతట తానే వచ్చాడు. ఒకప్పుడు లారీ డ్రైవరు, ఇప్పుడు సొంత డీసీఎం వ్యాను ఉంది. ఒంటరివాడు, వెనక గదిలో ఉంటాడు. ముందు భాగం మీకిస్త, ఎన్ని రోజులైన ఉండుండ్రి అన్నాడు. చెరువు గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. అన్నిటికంటే గొప్పది ఆ ఇంటి దర్వాజ. వాళ్ల తాత కాలం నాటి టేకు, చుట్టూ చౌకట్టు కర్ర మీద చెక్కిన చిలకలు, తలుపుల నిండా ఇత్తడి బుడిపెలు. తీస్తే ఊరి పెద్ద గొంతు సవరించుకున్నట్టు శబ్దం చేసేది. మా నాయిన చూసి ఉంటే దానికి దండం పెట్టేవాడు.

అమ్మకు ఆ ఇల్లు ప్రాణం అయిపోయింది. మూటలు విప్పారు. సారు నాటకం పూర్తి చేశారు. ఇంకేముంది, ఆ దర్వాజ తెరుచుకోవడంతోనే నాటకం మొదలు.

మర్నాడు అమ్మ బస్సెక్కి మా షెడ్డుకు వచ్చారు. ఎన్నడూ రాని మనిషి. చెక్క ముక్కల మధ్య స్టూలు వేస్తే కూర్చోలేదు.

"ఆయన చేత రాయడం నేను మానిపించలేను యాదగిరీ. నువ్వు కట్టడం మానగలవు. ఈసారి మా ఇల్లు కట్టకు" అన్నారు.

"సారు ఊకుంటడా అమ్మా?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. ఆ మొక్క వేళ్లు డబ్బా చీల్చుకుని బయటికొస్తున్నాయి. ఇంకో ఇంటిదాకా అది బతకదు."

కట్టనని మాటిచ్చాను. సారు మూడు రోజులు అలిగారు. తలుపు లేకపోతే నాటకం లేదన్నారు. నేను షెడ్డులో పడి ఉన్న పాత గోడలన్నీ బయటికి లాగాను. మేడ్చల్ నల్లా, దూలపల్లి రాతలు, గండిమైసమ్మ మెట్లు, అన్నీ ఒకదానికొకటి తగిలించి ఒకే ఇల్లు నిలబెట్టాను. నాలుగో మెట్టు మాత్రం కోసి సరిచేశాను. సారు వచ్చి ఒక్కో గోడా చూస్తూ తిరిగారు. ఆ తర్వాత కడుపు పట్టుకుని కూలబడి నవ్వారు. మమ్మల్ని వెళ్లగొట్టినవాళ్లందరినీ ఒకే కొంపలో కాపురం పెట్టించావేమిటోయ్ అన్నారు. నాకు కూడా నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరం ఆ షెడ్డులో పిచ్చివాళ్లలా నవ్వాం. గండం గడిచిందనుకున్నాను.

ఎవరి ఇల్లు ఇది

ప్రదర్శన మేడ్చల్లోనే, ఒక ఫంక్షన్ హాల్లో. అప్పటికి సారు పేరు పేపర్లలో వస్తోంది. వెళ్లగొట్టిన ఓనర్లు ముగ్గురూ కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. పెంటయ్య తన డీసీఎం నిండా చుట్టాలను ఎక్కించుకుని వచ్చాడు. నెత్తికి నూనె, చేతికి గడియారం, పెళ్లికొడుకు తండ్రిలా ఉన్నాడు.

తెర లేచింది. నర్సింహులు లేచి నిలబడి, గా నల్లా మాదే అని వెనక వరసలకు చూపించాడు. ఆఫీసరు గారు గోడలు మావన్నారు. అండాలమ్మ, మెట్లు లేకుంటే మీ ఇంట్లకు ఎట్లెక్కుతరు అని ఇద్దరినీ కూర్చోబెట్టింది. విరామంలో ముగ్గురూ ఇల్లు నాదంటే నాదని మిర్చిబజ్జీల దగ్గర వాదులాడుకున్నారు. ఏ ఇంటి కోసమైతే సారును బయటికి నెట్టారో, ఆ ఇంటి కోసమే కొట్టుకున్నారు. నేను స్టేజీ పక్కన నిలబడి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాను.

పెంటయ్య మాత్రం నవ్వలేదు. నాటకం అయ్యాక స్టేజీ ఎక్కి, నా గుడ్డ తలుపును వేలితో మీటాడు. అది డప్పులా మోగింది.

"గీ ముగ్గురి ఇండ్లు ఉన్నయి. నా ఇల్లేది సారూ?" అన్నాడు.

సారు నావైపు చూశారు. పెంటయ్యకు సారు రాసే తీరు మొదటి నుంచీ తెలుసు. మేడ్చల్లో నల్లా నాటకం చూసిన రోజే, గీ సారు నా ఇంట్ల ఉండాలె అనుకున్నాడట. వెతుక్కుంటూ వచ్చి ఇల్లిచ్చింది అందుకే. నాటకం రాస్తున్నారని తెలిసి ఇంటికి సున్నం వేయించాడు, బుడిపెలు చింతపండుతో తోమించాడు. నా ఇల్లు చూపిస్తానని చుట్టాలందరినీ తోలుకొచ్చాడు. ఇప్పుడు వాళ్ల ముందు తల ఎత్తుకోలేకపోతున్నాడు.

"నాటకానికి పనికిరాని ఇల్లు మీరుండనీకె ఎట్ల పనికొస్తది? ఖాళీ జేయుండ్రి" అన్నాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

అమ్మ మొదటి వరసలో లేచి నిలబడి ఉన్నారు. ఆమె ఇల్లు కాపాడబోయి నేనే పోగొట్టాను. పెంటయ్య చేతులు పట్టుకున్నాను. తప్పు నాది, సారుది గాదు, వచ్చేవారం నిజామాబాద్‌ల ఆడుతున్నం, గా లోపల నీ దర్వాజ దించుత అన్నాను.

"గుడ్డతోనా?" అన్నాడు పెంటయ్య. "నాది గుడ్డ దర్వాజ గాదు. అసలుదే తీసుకపో."

దర్వాజ ప్రయాణం

అన్నంత పనీ చేశాడు. తానే పక్కన నిలబడి, చౌకట్టుతో సహా ఊడదీయించాడు. నలుగురం కలిసి మోసి డీసీఎం ఎక్కించాం. గుమ్మానికి అమ్మ పాత చీర ఒకటి అడ్డం కట్టారు.

నిజం దర్వాజ గుడ్డ గోడల మధ్య నిలబడుతుందా అంటే నిలబడదు. నా జన్మలో అంత బరువు స్టేజీ ఎక్కించలేదు. దన్ను కర్రలు పెట్టాను, ఇసుక మూటలు వేశాను, అయినా ముందుకే వాలుతోంది. చివరికి పెంటయ్య చొక్కా విప్పి వెనకనుంచి చౌకట్టుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఇక దర్వాజ కదలలేదు. నాటకం అయ్యేదాకా అట్లనే ఉన్నాడు. తన ఇంటిని స్టేజీ మీద చూసుకోవాలని అంత యాగీ చేసినవాడు, చూసేవాళ్లంతా చూస్తుంటే తాను వెనక చీకట్లో గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా, దర్వాజకేనా అని నన్ను అడిగేవాడు. దర్వాజకే అనేవాణ్ణి.

ఒక సీనులో బయటి నుంచి తలుపు కొడితే లోపలి నుంచి నాయిక ఎవరూ అనాలి. ఆ రోజు ఆమె మాట మరిచింది. మళ్లీ కొట్టారు. మూడోసారి కొట్టేసరికి పెంటయ్య ఉండబట్టలేక, "ఎవలయ్యా, ఆగరాదు, వస్తున్న" అని ఇంట్లో అన్నట్టే అరిచాడు. హాలు దద్దరిల్లింది. పోటీల న్యాయనిర్ణేతలు కనిపించని ముసలి తండ్రి పాత్రను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ నాటకంలో ముసలి తండ్రే లేడు. ఆ తర్వాతి ప్రదర్శనలన్నిటిలో సారు ఆ పాత్ర ఉంచేశారు, పెంటయ్యే ఆడాడు.

తెల్లవారాక శామీర్‌పేట చేరాం. దారి పొడవునా సారు ముందు సీట్లో ఒకటే నవ్వు. మేం లేనప్పుడు చీర కిందనుంచి కోళ్లు దూరి వంటింటిదాకా వెళ్లాయట, పక్కింటి మేక పేపరు తినేసిందట. అమ్మ ఆ సంగతులన్నీ వ్యాను ఆగకముందే చెప్పేశారు. ఇన్నాళ్లూ ఊళ్లు తిరిగింది మేమే, ఇప్పుడు ఆ బాధ తలుపుకొచ్చింది, హాయిగా ఉంది అన్నారు.

అప్పుడు చూశాను. ఆమె చేతిలో గడ్డపార ఉంది. గుమ్మం పక్కన నేల కాస్త తవ్వి ఉంది. నూనె డబ్బాను కోసి విప్పారు, కరివేపాకు మొక్క మట్టి ముద్దతో పక్కన పడుకుని ఉంది. ఇల్లు ఖాళీ చేయమన్న మాట పెంటయ్య ఇంకా వెనక్కి తీసుకోలేదు.

అమ్మ అతని వైపే చూస్తూ అడిగారు. "ఈ గొయ్యి సరిపోతుందా పెంటయ్యా?"

పెంటయ్య వచ్చి గొయ్యిలోకి తొంగి చూశాడు. మొక్కను చూశాడు. ఇంటి ముందు ఎంత జాగా ఉందో అటూ ఇటూ చూసుకున్నాడు. ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు.

"సాలదమ్మా. గిది మస్తు పెద్దగైతది" అన్నాడు.

దర్వాజ వ్యానులోనే ఉండిపోయింది. మేమంతా ముందు ఆ గొయ్యి తవ్వాం.